స్టోక్స్ బే ఒడ్డున కట్టిన పెట్టెలు

గోస్‌పోర్ట్, ఇంగ్లండు,
2 జూన్ 2024.

నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేమంతా క్షేమం. మీ మోకాలి నొప్పి తగ్గుముఖం పట్టిందని అమ్మ చెప్పగా విని సంతోషించాను.

జీవితమంతా సెంట్రింగు పనిలో గడిపినవారు కనుక ఈ సంగతి ముందుగా మీకే వ్రాయాలనిపించింది. వచ్చే నెలతో 98 ఏళ్లు నిండబోతున్న మీ కోడలి తాతగారు, 1943 చలికాలంలో, తమ 17 ఏళ్ల వయసులో, ఈ ఊరి స్టోక్స్ బే ఒడ్డున చువ్వలు కట్టే పనిలో చేరారట. సముద్రపు ఒడ్డునే మేడలంత ఎత్తున కాంక్రీటు పెట్టెలు లేస్తుండేవట. అవి ఏమిటని అడగకూడదు, ఇంట్లో చెప్పకూడదు. గాదెలని ఒకరు, చమురు తొట్లని ఇంకొకరు అనుకునేవారట. బట్టలకు అంటిన సిమెంటు చూసి తల్లి అడిగితే రోడ్డు పని అని చెప్పేవారట. ఆమె పోయేలోగా నిజం చెప్పలేకపోయానని అంటున్నప్పుడు ఆయన గొంతు పూడుకుపోయింది.

అది రెండో ప్రపంచ యుద్ధ కాలం. 1942 ఆగస్టులో, జర్మన్ల చేతిలో ఉన్న ఫ్రాన్సులోని దియెప్ రేవు మీద దాడి చేసి ఘోరంగా దెబ్బతిన్నాక, రేవు చేజిక్కకపోయినా సైన్యాన్ని దింపాలంటే రేవునే వెంట తీసుకుపోవాలని ఇక్కడివారు నిశ్చయించుకున్నారు. 'మల్బరీ' అన్నది ఆ రేవుకు పెట్టుకున్న రహస్యనామం. 'ఫీనిక్స్' అనే ఆ పెట్టెల్లో అన్నిటికన్నా పెద్దవి 200 అడుగుల పొడవు, 60 అడుగుల ఎత్తు, 6,000 టన్నుల బరువు. లోపల డొల్ల కాబట్టి అంత బరువూ నీటిమీద తేలుతుంది. 1944 జూన్ 6న సైన్యం ఫ్రాన్సు తీరంలోని నార్మండీలో దిగిన తర్వాత, టగ్గు పడవలతో వాటిని లాక్కుపోయి, నీరు లోపలికి వదిలి, అడ్డుగోడగా వరసన ముంచారు. అలా కట్టిన రెండు రేవుల్లో అమెరికన్లది జూన్ 19న మొదలైన తుపానుకు ధ్వంసమైంది. ఆరోమాంష్ అనే ఊరి దగ్గరి బ్రిటిష్‌వారిది నిలిచి నెలల తరబడి పనిచేసింది.

1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాను బాంబులు పడినప్పుడు జనం ఊరు విడిచిపోయిన సంగతి నేను చెబితే తాతగారు ఆశ్చర్యపోయారు. మన ఊరి రేవుకు కూడా ఆ యుద్ధం తగిలిందని ఆయనకు ఇన్నేళ్లూ తెలియదు.

పోయిన ఆదివారం ఆయనను లాంగ్‌స్టన్ రేవుకు తీసుకువెళ్లాను. కట్టేటప్పుడే లోపం బయటపడి వదిలేసిన ఫీనిక్స్ ఒకటి, నడుము విరిగి, ఇప్పటికీ అక్కడి ఇసుకమేట మీద పడి ఉంది. ఆటుకు నీరు తీసినప్పుడు బాగా కనిపిస్తుంది. ఆయన దాన్ని చాలాసేపు చూసి, "కట్టినవాళ్ల తప్పు కాదు, తొందర పెట్టారు," అన్నారు. ఆ మాటలోని బాధ మీకు అర్థమవుతుంది, నాన్నగారూ. విప్పాల్సిన రోజుకన్నా ముందే శ్లాబు కింది సెంట్రింగు విప్పమన్నప్పుడు మీరు ఎంత మథనపడేవారో చిన్నప్పుడు నేను చూశాను.

ఇంటికి వచ్చాక షెడ్డులోంచి బైండింగ్ వైరు ముక్క తెచ్చి, వణికే వేళ్లతోనే రెండు చువ్వలను అడ్డంగా పెట్టి, తీగ మడిచి, పట్టకారుతో మెలేసి చూపించారు. ముడి బిగిసింది. మీరు ఎన్ని మెలికలు తిప్పేవారని అడిగారు. ఆయన రెండున్నర తిప్పుతారట. వచ్చే ఆదివారం ఫోను చేసినప్పుడు ఆయనకు మీరే చెప్పండి, నేను పక్కన ఉండి ఇంగ్లీషులో అందిస్తాను.

అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ కుమారుడు