గ్రిఫిన్‌గాడి ఉత్తరం

ఒరేయ్ మావా,

తిట్టుకోకు. హాంకాంగ్ వచ్చి ఆర్నెల్లయ్యాక రాస్తున్నాను, తప్పే. ఉద్యోగం బానే ఉంది, గది అగ్గిపెట్టంత, ఆవకాయ సీసా అడుగంటింది, అమ్మ మోకాలు నయం. అయిపోయింది. ఇక అసలు సంగతి, ఇది నీకు చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది.

మొన్నాదివారం మా ఆఫీసు పెద్దాయన టిఫినుకి తీసుకెళ్ళాడు. డిమ్‌సమ్ అంటారు, మన ఆవిరి కుడుముల్లాంటివి. కూర్చోగానే ఓ పెద్ద గిన్నె, పొగలు కక్కే టీ కూజా తెచ్చి పెట్టారు. నేను బుద్ధిగా గిన్నెలోకి టీ వంపుకుని, ఊదుకుంటూ రెండు గుక్కలు తాగాను. బల్ల దగ్గర మాటలాగిపోయాయి. చూద్దును కదా, అందరూ ఆ టీతో కప్పులూ, తినే పుల్లలూ కడిగి ఆ గిన్నెలోనే పారబోస్తారట! (నవ్వు.) పెద్దాయన నా వీపు చరిచి "గ్రిఫిన్!" అన్నాడు.

ఆయనకి గుర్రప్పందేల పిచ్చి. ఈ హాంకాంగ్‌లో ఒక్క పందెమూ పరిగెత్తని కొత్త గుర్రాన్ని గ్రిఫిన్ అంటారు. ఒకప్పుడు మంగోలియా నుంచి తోలుకొచ్చిన పొట్టి గుర్రాలకి ఆ పేరు. పోన్లే, గాడిద అనలేదని సరిపెట్టుకున్నా. రాత్రి నిద్రపట్టక వెతికితే, మావా, ఆ మాట మన మద్రాసు మీదుగా వచ్చిందిరా!

ఈస్టిండియా కంపెనీ రోజుల్లో ఓడ దిగిన కొత్త దొరని గ్రిఫిన్ అనేవాళ్ళు, పొట్టిగా గ్రిఫ్. ఏడాది తిరిగేదాకా ఆ పేరు వదలదు. (నాకింకా ఆర్నెల్లుంది.) 1794 నాటి మద్రాసు రాతల్లోనే కనిపిస్తుంది. 1886లో అచ్చయిన హాబ్సన్-జాబ్సన్ అని, దొరల ఇంగ్లీషులో కలిసిన మన మాటల నిఘంటువు, అది రాసిన యూల్, బర్నెల్ దాని పుట్టుక తేల్చలేకపోయారు. 1746 నుంచి 48 దాకా ఇటు సముద్రాల్లో నౌకాదళం నడిపి, ఏమీ కలిసిరాని అడ్మిరల్ గ్రిఫిన్ ఒకాయన ఉన్నాడు, ఆయన పేరేమో అని అనుమానపడి వదిలేశారు. పాపం, అదే నిజమైతే బాగుండు.

పాతకాపులకీ పేర్లున్నాయి. "కోయీ హై" అని నౌకర్లని కేకేసే బెంగాల్ దొరలు క్వి-హైలు, బొంబాయి వాళ్ళు డక్స్, మద్రాసు వాళ్ళు మల్స్. మల్ అంటే ఏంటనుకున్నావ్? ములగటాని, అరవంలో మిళగు తణ్ణి, అంటే మిరియాల చారు! మన బందరు, కడప కలెక్టర్లంతా చారుగాళ్ళేరా! మన మెస్సు చారు పోసుంటే ఒక్కడూ నిలిచేవాడు కాదు, ఆ లెక్కన మన సోడాబుడ్డి వంట మాస్టారే స్వాతంత్ర్యం తెచ్చుండేవాడు.

మన బ్రౌన్ దొర కూడా... పుట్టింది కలకత్తాలోనే అయినా, 1817లో మద్రాసులో దిగి, ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులుగారి దగ్గర అఆలు దిద్దాడు. ఆ నోట్లో మన ళ, ణ ఎలా తిరిగాయో, పంతులుగారు లోపల్లోపల ఎంత నవ్వుకున్నారో. ఈయన్ని మాత్రం ఎవరూ గ్రిఫిన్ అనుండరంటావా? నేనూ ఇక్కడ "థాంక్యూ" అని వాళ్ళ భాషలో అంటే షాపామె మూడుసార్లు చెప్పించి, చివరికి...

అసలు ఆ రాత్రి కాస్త ఏడుపొచ్చింది రా. టీ గురించి కాదు. ఊళ్ళో అయితే నువ్వు ముందే గిన్నె లాగేసేవాడివి కదా అనిపించి.

సరే, ఇవాళ బుధవారం, హ్యాపీ వ్యాలీలో రాత్రి పందేలు. పెద్దాయన కింద నుంచి ఇది మూడో ఫోను. మొదటిసారి పరిగెత్తే గుర్రం ఒకటుందిట, దాని మీద ఇరవై డాలర్లు కడదామని...