వేరుశనగ మిల్లుల సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం. కల్యాణదుర్గం, ఉరవకొండ ప్రాంతాల్లో వేరుశనగ కాయ ఒలిచే మిల్లులు, గానుగలు నడుపుకునే మనం కొన్న ధరను ఒకరికొకరు దాచుకుంటున్నాం గానీ, సాయంత్రానికల్లా అది దళారులందరికీ తెలిసిపోతూనే ఉంది. అందువల్ల ధరతో పాటు కాయలో తేమ ఎంత ఉందో, క్వింటాలు కాయకు ఎన్ని కిలోల పప్పు దిగిందో కూడా ఈ గ్రూపులో రాయవలసిందిగా కోరుతున్నాను. ఊపితే గలగలమనే ఎండుకాయ ధరనూ, చప్పుడే చేయని పచ్చికాయ ధరనూ పక్కపక్కన పెట్టి పోల్చుకుంటే ప్రయోజనం లేదు. (శుభోదయం బొమ్మల మధ్య ఈ వివరాలు మరుగునపడకుండా చూడండి.) తేమ ఎక్కువున్న సరుకు నిల్వ చేస్తే బూజుతో పాటు అఫ్లాటాక్సిన్ (ఆ బూజు నుంచి పుట్టే విషపదార్థం) కూడా చేరే ప్రమాదం ఉంది. గోనెసంచులు, జల్లెడలు అదనంగా ఉన్నవారు తెలియజేయగలరు. మనమంతా కలిసి ఉత్పత్తిదారుల కంపెనీ (ఉత్పత్తిదారులే సభ్యులుగా ఉండే కంపెనీ) పెట్టుకోవాలంటే చట్టప్రకారం కనీసం 10 మంది ఉత్పత్తిదారులు ఉంటే చాలు, అయితే ఒక సీజను లెక్కలు పంచుకున్న తర్వాతే ఆ మాట ఎత్తడం మంచిదని నా అభిప్రాయం.