సూరీ, ఆ ట్రాన్స్‌ఫార్మర్ ఇప్పుడే కొననివ్వకు

హైదరాబాద్

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం అందింది. మీ బావగారు అమెరికా నుంచి కారవాన్, అదే చక్రాల మీద ఇల్లు, తెప్పించుకుంటున్నారని చదివి భలే సంతోషం వేసింది. కానీ ఆ రెండో పేజీ చదివాక టెన్షన్ పట్టుకుంది. మన 230 వోల్ట్‌లని ఆ బండికి కావాల్సిన 120 చేసే పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ ఒకటి ముందు తగిలిస్తే చాలని ఆయనకి ఎవరు చెప్పారో గానీ, అడ్వాన్స్ ఇవ్వకుండా ముందు ఆపు.

మా అన్నయ్య అక్కడి నుంచే తెచ్చిన ఇలాంటి బండి జీడిమెట్ల షెడ్డులో పెట్టి పని చేయిస్తున్నాం కదా, ఒక్కో ప్యానెల్ విప్పుతున్న కొద్దీ నాకు అర్థమైంది ఇది. ట్రాన్స్‌ఫార్మర్ వోల్టేజీని తగ్గిస్తుంది, ఫ్రీక్వెన్సీని, అంటే కరెంటు సెకనుకి ఎన్నిసార్లు ఊగుతుందో ఆ లెక్కని, మార్చలేదు. అక్కడ 60 హెర్ట్జ్, మనకి 50. బల్బుకీ హీటర్‌కీ ఆ తేడా పట్టదు. పైకప్పు మీద ఉన్న ఏసీకి మాత్రం ప్రాణం మీదకొస్తుంది. 60కి చేసిన మోటారు 50 మీద ఆరింట ఐదు వంతుల వేగంతోనే తిరుగుతుంది, పైగా ఎక్కువ కరెంటు లాగి వేడెక్కుతుంది. దాన్ని 50 మీద క్షేమంగా నడపాలంటే 120 కూడా ఎక్కువే, 100 వోల్ట్‌లకి దించాలి. అప్పుడు చల్లదనమూ తగ్గుతుంది. మన మే నెల ఎండల్లో అలాంటి ఏసీని నమ్ముకుని పిల్లల్ని లోపల పడుకోబెడతామా? మేం దాన్ని దింపేసి ఇక్కడి ఒక టన్ను ఇన్వర్టర్ ఏసీ పెట్టించాం. మైక్రోవేవ్ కూడా తీసేశాం, దాని గురించి ఆలోచించడం కూడా దండగ.

మంచి కబురు ఏంటంటే, సగం బండికి ఏ మార్పూ అక్కర్లేదు. లైట్లు, నీళ్ల పంపు, పైకప్పు ఫ్యాను, ఇవన్నీ 12 వోల్ట్‌ల బ్యాటరీ మీద నడుస్తాయి. బ్యాటరీకి ఏ దేశమైనా ఒకటే. ఆ బ్యాటరీని చార్జ్ చేసే డబ్బా ఒక్కటే 120 అడుగుతుంది. దాన్ని తీసేసి, 230 తీసుకునే మంచి చార్జర్ పెడితే ఆ వైపు పని అయిపోయినట్టే. 12 వోల్ట్‌ల ఫ్యూజు బోర్డు జోలికి పోవద్దు.

ఫ్రిజ్ గ్యాస్‌తోనూ కరెంటుతోనూ నడిచే రకమైతే లోపల చిన్న హీటింగ్ ఎలిమెంట్ ఉంటుంది. 120 ఎలిమెంట్‌కి 230 ఇస్తే రెట్టింపు వేడి అనుకుంటారు చాలామంది. కాదు, మూడున్నర రెట్లు దాటుతుంది. 300 వాట్‌లది 1,100 వాట్‌లు లాగుతుంది. అదే వాటేజీతో యూరప్ మోడళ్లకి వచ్చే 230 ఎలిమెంట్ తెప్పించి మార్చాలి.

వైర్లన్నీ పీకేయాలని కూడా ఎవరో అన్నారట కదా. అక్కర్లేదురా. అమెరికా వాళ్ల వైరు ఇన్సులేషన్ మీద 600 వోల్ట్‌లు అని ముద్రించే ఉంటుంది. ఇంకో విషయం విను. అక్కడి 30 ఆంపియర్ల కనెక్షన్ అంటే 3,600 వాట్‌లు. మన 16 ఆంప్స్ సాకెట్ ఇచ్చేది 3,680. అంటే దాదాపు అంతే పవర్, సగం కరెంటుతో. ఆ వైర్లకి ఇక్కడ భారం తగ్గుతుందే గానీ పెరగదు. అయినా మెగ్గర్ (ఇన్సులేషన్ బాగుందో లేదో చూసే మీటరు) పెట్టి పరీక్షించకుండా ఒక్క వైరు కూడా వాడలేదు మేం. సముద్రం మీద, రోడ్డు మీద అన్నాళ్లు ఊగి వచ్చిన బండి, ఎక్కడ ఏ మేకు గీసుకుందో ఎవరికి తెలుసు?

ఇక అసలు భయపడాల్సింది రంగుల దగ్గర. వాళ్లకి నలుపు వైరు ఫేజు (కరెంటు వచ్చేది), తెలుపు న్యూట్రల్ (తిరిగి వెళ్లేది). మన ఇళ్లలో నలుపంటే న్యూట్రల్! ఏ ఎలక్ట్రీషియన్ అయినా అలవాటు కొద్దీ నల్లదాన్ని న్యూట్రల్ అనుకుని చెయ్యి వేస్తాడు. అందుకే మా ఎలక్ట్రీషియన్ భాయ్ ముందురోజే కూర్చుని ప్రతి నల్ల వైరు రెండు కొసలకీ ఎర్ర టేపు చుట్టాడు. తర్వాతే స్క్రూడ్రైవర్ ముట్టుకున్నాడు. ఆ ఒక్క పనికే ఆయన మీద నాకు గురి కుదిరింది. మీ బావగారి దగ్గర పనిచేసే వాళ్లకి ఈ మాట నువ్వే దగ్గరుండి చెప్పు.

వాళ్ల బ్రేకర్లు ఫేజుని మాత్రమే తెంపుతాయి. ఇక్కడ హైవే మీద ధాబాలో ప్లగ్గు పెడితే ఫేజు, న్యూట్రల్ తారుమారుగా ఉండొచ్చు. అప్పుడు బ్రేకర్ ఆపినా లోపల కరెంటు ఉన్నట్టే. అందుకని రెండు వైర్లనీ ఒకేసారి తెంపే డబుల్ పోల్ ఎంసీబీలు (బ్రేకర్లే), కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అన్నీ ట్రూప్ బజార్‌లో కొన్నాం. ఆర్‌సీసీబీ విషయంలో చవకరకం వద్దురా. బయటంతా అల్యూమినియం రేకు, కింద ఉక్కు ఛాసిస్. ఎక్కడ లీకైనా బండి మొత్తం షాక్ కొడుతుంది, వాన పడి తడి నేల మీద నిలబడి తలుపు పట్టుకునేది మన పిల్లలే. ఛాసిస్‌కి, రేకుకి ఎర్త్ కచ్చితంగా కలపాలి. న్యూట్రల్‌ని మాత్రం బండి లోపల ఎర్త్‌తో ఎక్కడా కలపకూడదు.

దాంతో పాటు వోల్టేజీ ఎక్కువైనా తక్కువైనా ఆపేసే రిలే కూడా పెట్టించు. గాలివానకి వీధిలో న్యూట్రల్ తెగితే 230 రావాల్సిన చోట 400 దాకా రావచ్చు. చార్జరూ ఏసీ బోర్డూ ఒక్క క్షణంలో పోతాయి.

అన్నట్టు, ఆ బండ్లకి తలుపు కుడివైపు ఉంటుంది. మన దగ్గర అది రోడ్డు మీదకి తెరుచుకుంటుంది. దీనికి ఏ ఎలక్ట్రీషియనూ ఏం చేయలేడు. బండి ఎక్కడ ఆపాలో చూసి ఆపుకోవడమే. చెల్లెమ్మకి ముందే చెప్పి ఉంచు.

బండి పోర్టు నుంచి ఇంటికి రాగానే నాకు ఫోటోలు పంపు. చార్జర్ మీది స్టిక్కర్, ఏసీ మీది స్టిక్కర్, ఫ్రిజ్ వెనకాల ఉన్నది, బయటి ప్లగ్గు. ముఖ్యంగా ప్లగ్గు. మూడు పిన్నులుంటే 30 ఆంప్స్, పైన రాసిందంతా సరిపోతుంది. నాలుగు పిన్నులుంటే అది 50 ఆంప్స్‌ది, అందులో 120 చొప్పున రెండు ఫేజులు విడివిడిగా వస్తాయి, ఒకే న్యూట్రల్ మీద. ఆ రెండింటినీ మన ఒక్క ఫేజుకి కలిపితే రెండు వైపుల కరెంటూ ఆ న్యూట్రల్ మీదే పడుతుంది, కాబట్టి ముందు మెయిన్ బ్రేకర్ సైజు తగ్గించాలి. ఆ రకమే అయితే నాకు ఫోన్ చేశాకే పని మొదలుపెట్టమను.

నీ
వాసు