ఊరు దాటిన మన సంఘం: 2024-25 జమా ఖర్చుల వివరణ

సంఘ సభ్యులందరికీ ప్రభువు నామమున వందనాలు.

2024 ఏప్రిల్ 1 నుంచి 2025 మార్చి 31 దాకా దూర సభ్యుల నిధికి (ఊరు వదిలి దూరంగా ఉన్న సభ్యులను ఫోన్‌లో, ఆన్‌లైన్‌లో ఆరాధనకూ తరగతులకూ కలుపుకునే నిధి) ఎంత వచ్చింది, అందులో ఎంత ఖర్చయింది అన్నది ఈ కాగితంలో ఉంది. దీన్ని మొన్న ఆరాధన అయ్యాక చదివి వినిపించాం. సరిగ్గా జమ చదవడం మొదలుపెట్టినప్పుడే కరెంటు పోయి, నెట్ పోయి, డబ్బిచ్చిన వాళ్ళలో సగానికి పైగా వినలేకపోయారు. అందుకే రాసి పంపుతున్నాం.

గోడ కడితే వచ్చినవాళ్ళందరికీ కనిపిస్తుంది, ఎన్ని ఇటుకలు పట్టాయో లెక్కపెట్టుకోవచ్చు. ఈ నిధి సంగతి అలా కాదు. ఊళ్ళో వాళ్ళకు డబ్బంతా గాల్లోకి పోతున్నట్టు ఉంటుంది. హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉండి ఇచ్చినవాళ్ళకు ఇక్కడ ఏం జరిగిందో తెలియదు. ఇద్దరూ ఫోన్ చేసి అడిగేది కోశాధికారినైన నన్నే. కాబట్టి కొంచెం వివరంగానే రాస్తున్నాను, ఓపికగా చదవండి.

ముందు జమ.

గత సంవత్సరం నిల్వ: 11,340 రూపాయలు
హైదరాబాద్, బెంగళూరు, చెన్నై కుటుంబాల నెలవారీ కానుకలు: 96,200
కువైట్‌లో ఉన్న మన సభ్యులు పంపినవి: 58,500
ఊళ్ళో ఆదివారం పట్టిన ప్రత్యేక కానుకల సంచి: 21,475
కోత పండుగ వేలంలో ఫోన్ మీద పాడినవి: 27,650
బ్యాంకు వడ్డీ: 412
మొత్తం జమ: 2,15,577

ఇందులో కోత పండుగ లెక్క గురించి చాలామంది అడిగారు. వేలం ఫోన్‌లో చూపించడం ఇదే మొదటిసారి. మన మాట కువైట్ చేరి, వాళ్ళ మాట ఇక్కడికి రావడానికి నాలుగైదు సెకన్లు పడుతుందని ఎవరూ అనుకోలేదు. సొరకాయ పాట రెండు వేల దగ్గర ఆగింది. పాట పాడించే ఆయన "మూడోసారి" అని బల్ల మీద కొట్టేశాక ఫోన్‌లోంచి "రెండున్నర" అని వినిపించింది. కాయ అప్పటికే ఇంకొకరి చేతిలో ఉంది. రెండు నిమిషాలు గొడవ. చివరికి పెద్దలు పాట మళ్ళీ మొదలుపెట్టించారు, ఆ సొరకాయ 4,100కి పోయింది. కువైట్ నుంచి పాడినవాడి అమ్మ పాదులో కాసిన కాయే అది! మరునాడు ఆమే కూర వండింది, వాడు వీడియోలో చూశాడు. వచ్చే ఏడాది మూడోసారి అన్నాక పది సెకన్లు ఆగి కొట్టాలని తీర్మానం రాసుకున్నాం.

మొత్తం జమలో చూపించనిది ఒకటుంది. జూన్‌లో 40,000 రూపాయలు మన ఖాతాకు వచ్చాయి, వాటిని తిప్పి పంపాం. ఎందుకు పంపారని అందరూ అడుగుతున్నారు. ఇచ్చినాయన మన సంఘంలోనే బాప్తిస్మం పొందిన మనిషి, మన సండే స్కూల్లో కింద కూర్చుని చదువుకున్నవాడు. అయితే ఇప్పుడు ఆయన అమెరికా పౌరుడు. ఎఫ్‌సీఆర్‌ఏ అని అందరూ అనే విదేశీ విరాళాల చట్టం 2010 నాటిది. దాని ప్రకారం భారత పౌరసత్వం ఉండి బయట పనిచేసేవాళ్ళు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. కువైట్ నుంచి వచ్చేవన్నీ అలాంటివే. పౌరసత్వం మార్చుకున్నవాళ్ళు ఇస్తే మాత్రం, విదేశీ పౌరులైన భారత సంతతి వాళ్ళకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. విదేశీ విరాళం తీసుకోవాలంటే ఆ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, అది మన సంఘానికి లేదు. ఉన్నా, 2020లో చట్టం మార్చాక ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే తీసుకోవాలి. ఆడిటర్ గారు చెప్పిన వెంటనే ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపేశాం, కాగితాలు ఫైల్లో ఉన్నాయి.

ఆ సంగతి చెప్పడానికి ఫోన్ చేసింది నేనే. "అయితే నేను పరాయివాణ్ణి అయిపోయానా అన్నా?" అన్నాడు. ఏం చెప్పాలో నాకు తోచలేదు. వారం తర్వాత తనే ఫోన్ చేసి, డబ్బు తీసుకోకపోతే పోయారు, పని తీసుకోండి అన్నాడు. శనివారం సాయంత్రం ఏడు గంటలకు పిల్లల తరగతి చెబుతున్నది ఆయనే. అక్కడ అప్పుడు పొద్దున్న ఎనిమిదిన్నర. చలికాలంలో వాళ్ళు గడియారం వెనక్కి తిప్పుకుంటారు కాబట్టి ఏడున్నర. నవంబర్‌లో ఒక శనివారం ఆ తిరకాసు తెలియక పిల్లలు గంటసేపు ఖాళీ తెర చూస్తూ కూర్చున్నారు. ఆ తరగతికి ఖర్చు సున్నా.

ఇక ఖర్చు. అన్నిటికంటే పెద్ద పద్దు రీఛార్జులు: 44,905. మొదట 36,000 అవుతుందని అంచనా వేశాం, తప్పాం. ఊళ్ళో ఒంటరిగా ఉన్న 14 మంది పెద్దవాళ్ళకు సంవత్సరమంతా ఫోన్ రీఛార్జి చేయించాలని తీర్మానం. నెలకోసారి కదా అని పన్నెండుతో గుణించాం. ప్యాక్ 28 రోజులకే అయిపోతుంది కాబట్టి ఏడాదికి పదమూడు సార్లు చేయించాలి. దానికి తోడు జూలైలో ధరలు పెరిగాయి. చిన్న లెక్కే, ఐదుగురు కూర్చుని కూడా పట్టుకోలేకపోయాం.

ఈ ఖర్చు అనవసరం అన్నవాళ్ళున్నారు. వాళ్ళకు ఒక అవ్వ సంగతి చెబుతాను. ఆమె కొడుకు హైదరాబాదులో తాపీ పని. శుక్రవారం ప్రార్థనకు ఇద్దరూ ఫోన్‌లో కలుస్తారు. వీడియో వచ్చినా సరే అవ్వ ఫోన్ చెవికి ఆనించుకునే మాట్లాడేది. మూడు నెలల పాటు ఆ అబ్బాయికి కనిపించింది వాళ్ళమ్మ చెవి, చెవి కమ్మ. ఆగస్టులో స్త్రీల సమాజం వాళ్ళు వెళ్ళి ఫోన్‌ను రోటి మీద చెంబుకు ఆనించి పెట్టడం నేర్పారు. ఇప్పుడు ముఖం కనిపిస్తోంది.

తర్వాతి పెద్ద పద్దు పాఠాల పుస్తకాలు, ముద్రణకూ పోస్టుకూ కలిపి 34,620. ఆన్‌లైన్ క్లాసులకు పుస్తకాలెందుకని అడిగారు. పిల్లలకు తెర ముందు వినడం వేరు, చేతిలో పెన్సిల్ పెట్టుకుని రాయడం వేరు. బెంగళూరులో పుట్టిన పిల్లలకు తెలుగు మాట వచ్చు, అక్షరం రాదు. వాళ్ళ కోసమే పెద్ద అక్షరాలతో వేయించాం. అందులో ఎక్కువ పేజీలు మన ప్రాంతంలో సువార్త ఎలా వచ్చిందన్న దాని మీదే: 1840లో నెల్లూరులో మొదలైన అమెరికన్ బాప్టిస్ట్ మిషన్, 1854 జనవరి 1 తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద మిషనరీ జ్యూయెట్ గారి ప్రార్థన, 1866లో మిషనరీ క్లౌ దొర ఒంగోలు రావడం, మరుసటి ఏడాది ఎనిమిది మందితో సంఘం పెట్టడం. 1876-78 కరువులో బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం ఆయన కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేశారు. బోధకులను మేస్త్రీలుగా పెట్టారు. పని కోసం ఎక్కడెక్కడి నుంచో చేరిన జనం మధ్యకే వాక్యం వెళ్ళింది. అయితే కూలి కోసం మతంలోకి వచ్చారనే మాట రాకూడదని, కరువు పని నడిచినన్నాళ్ళూ ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు.

ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో, వెల్లంపల్లి దగ్గర, ఒకే రోజు 2,222 మందికి బాప్తిస్మం. అదే తేదీన పోయిన జూలైలో, బుధవారమైనా సరే, ఆటో మాట్లాడుకుని ఏటి ఒడ్డుకు వెళ్ళి అక్కడి నుంచే తరగతి చెప్పాం. గాలి హోరుకు సగం మాటలు వినపడలేదు. ఆరుగురు బోధకులు, ఇద్దరేసి చొప్పున వంతులు మార్చుకుంటూ ఇచ్చారని చెబితే చెన్నై నుంచి ఒక పిల్ల "అయితే ఒక్కొక్కరి వంతుకు 1,111 మంది" అంది. కాదు, ఆరుగురు కదా అని ఇంకో పిల్లవాడు. ఆ లెక్క తేలేసరికి ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. ఆ ఆటో, సండే స్కూల్ టీచర్లు ఒంగోలు శిక్షణకు వెళ్ళి వచ్చిన బస్సు ఛార్జీలు కలిపి 3,260.

సామాను విషయం త్వరగా చెప్పేస్తాను. మైకు, దాన్ని ఫోన్‌కు తగిలించే పెట్టె, వైర్లు 23,450. సెకండ్ హ్యాండ్ ఫోన్, స్టాండు 12,800. ఇన్వర్టర్ బ్యాటరీ 15,500. నెట్ నెలకు 590 చొప్పున పన్నెండు నెలలకు 7,080. మీటింగ్ యాప్ ఏడాది చందా 14,160. ఉచితంగా వచ్చేది వాడొచ్చు కదా అంటారు. వాడాం. అది నలభై నిమిషాలకు కట్ అవుతుంది. మన పాస్టరు గారు నలభై నిమిషాలకు ప్రసంగం ఉపోద్ఘాతంలోనే ఉంటారు, ఆయనా నవ్వుతూ ఒప్పుకున్నారు.

పిల్లల పోటీల బహుమతులు 9,300. ఆదివారాలు ఫోన్, మైకు చూసుకునే కుర్రాళ్ళ టిఫిన్లు 4,365. ఆడిటర్ ఫీజు 3,000.

ఇంకొక 5,000 ఉంది. అది పోయిన డబ్బు. పాత ప్రసంగాలన్నీ ఒకచోట పెట్టి ఇస్తానన్న ఒకాయనకు అడ్వాన్స్ ఇచ్చాం. కాగితం రాయించుకోలేదు, తెలిసినవాళ్ళు చెప్పారు కదా అనుకున్నాం. రెండు నెలల తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. తప్పు కమిటీది. ఇకపై వెయ్యి రూపాయలు దాటిన ఏ పనికీ నోటిమాట మీద అడ్వాన్స్ ఇవ్వం.

మొత్తం ఖర్చు 1,77,440. నిల్వ 38,137. అందులో బ్యాంకులో 35,912, చేతిలో 2,225.

మందిరం పైకప్పు కురుస్తుంటే ఫోన్లకు ఖర్చు పెడతారా అని ఊళ్ళో అన్నమాట మా చెవిన పడింది. మందిరం నిధి వేరు, ఖాతా వేరు. అందులోంచి ఇటు ఒక్క రూపాయి రాలేదు. ఇటు నుంచి అటు తీసుకోవాలంటే మాత్రం ఇచ్చినవాళ్ళను అడగాలి, అది సర్వసభ్య సమావేశంలో తేల్చండి.

కువైట్ అక్కచెల్లెళ్ళ తరఫున ఒక మనవి. ఆదివారం వాళ్ళకు పని దినం, శుక్రవారమే సెలవు. అందుకే తరగతి శుక్రవారం రాత్రి ఎనిమిదిన్నరకు పెట్టాం, వాళ్ళకు అప్పుడు సాయంత్రం ఆరు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకు ఆ సెలవు కూడా పూర్తిగా ఉండదు. వంటింట్లో గిన్నెలు తోముతూ వింటారు. మధ్యలో పిలుపు వస్తే చెప్పకుండా వెళ్ళిపోతారు. వీడియో ఆన్ చేయమని, ఎందుకు వెళ్ళావని ఎవరూ అడగొద్దు. ప్రార్థన మనవులు చెప్పుకునే భాగం రికార్డు చేస్తున్నారని జనవరిలో ఒక ఫిర్యాదు వచ్చింది, నిజమే. అప్పటి నుంచి రికార్డు పాఠం అయ్యేవరకే.

ప్రభురాత్రి భోజనం ఆన్‌లైన్‌లో ఇస్తారా అన్నది జమా ఖర్చుల ప్రశ్న కాదు. అడిగారు కాబట్టి చెబుతున్నాం: ఇవ్వడం లేదు. ఊరికి వచ్చినప్పుడు అందరితో కలిసి తీసుకోవాలని పాస్టరు గారు, పెద్దలు అనుకున్నారు. ఒప్పుకోని వాళ్ళు వాళ్ళతోనే మాట్లాడండి.

బిల్లులన్నీ నెలవారీగా ఫైల్లో ఉన్నాయి. బ్యాటరీ బిల్లు అసలుది ఎక్కడో పోయింది, షాపు నుంచి తెచ్చిన నకలు పెట్టాం. ఊళ్ళో ఉన్నవాళ్ళు ఏ ఆదివారమైనా ఆరాధన అయ్యాక చూడొచ్చు. బయట ఉన్నవాళ్ళు ఏ బిల్లు కావాలో చెబితే ఫోటో తీసి పంపుతాం. నేను లేకపోయినా ఫైలు దొరుకుతుంది, బీరువా తాళం స్త్రీల సమాజం కార్యదర్శమ్మ దగ్గర ఉంది.

సంఘ ఆర్థిక కమిటీ తరఫున,
కోశాధికారి