ముందు ఎవరి దగ్గరకెళ్ళాలి?

ఏరా, ఎలా ఉన్నావ్?

పోయిన వారం ఫోన్‌లో నువ్వడిగిన ప్రశ్న ఇంకా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. "రోగం పేరు డాక్టర్ ఎలాగూ రాసేశాడు కదా, మరి రాత్రి రెండింటిదాకా కూర్చుని నువ్వు రాసే డయాగ్నోసిస్ ఏంటి?" అన్నావ్. డ్యూటీకి టైమైపోతోందని ఏదో ఒకటి చెప్పి పెట్టేశాను. నిజానికి నర్సింగ్ మొదటి సంవత్సరంలో నాకూ ఇదే అనుమానం, కాకపోతే పైకి అడగడానికి సిగ్గేసింది. ఇవాళ సెలవు, బట్టలు నానబెట్టాను, అవి నానేలోపు తీరిగ్గా రాస్తున్నా. కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

డాక్టర్ "న్యుమోనియా" అని రాస్తాడు. మామూలుగా ఆ పేరు మనిషి ఇంటికెళ్ళేదాకా అలాగే ఉంటుంది. మేం రాసేది ఆ న్యుమోనియా వల్ల ఈ మనిషికి ఈ పూట ఏం కష్టంగా ఉందన్నది. కఫం చిక్కబడి బయటికి రావట్లేదు, ఊపిరి పైపైన తీసుకుంటున్నాడు, బాత్రూమ్ దాకా నడిస్తే ఆయాసం, జ్వరానికి నాలుక ఎండిపోతోంది, రాత్రి నిద్ర లేదు, పైగా "నాకేమన్నా అవుతుందా" అని భయం. ఒక్క న్యుమోనియాకి ఇన్ని. వీటినే నర్సింగ్ డయాగ్నోసిస్ అంటారు. ఒక్కొక్కరు ఒక్కో మాట రాస్తే ఒకరి రాత ఇంకొకరికి అర్థం కాదు కదా, అందుకని 1973లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో క్రిస్టీన్ గెబ్బీ, మేరీ ఆన్ లావిన్ అనే ఇద్దరు నర్సులు పూనుకుని, ఈ పేర్లన్నీ ఒక జాబితాగా చేయడానికి మొదటి సమావేశం పెట్టారు. తర్వాత 1982లో నాండా అనే సంఘం వచ్చింది. మేం ఆ జాబితాలోంచి పేరు తీసుకుని, అది దేనివల్ల వచ్చిందో, ఏం చూసి అలా అంటున్నామో కలిపి ఒక వాక్యం రాయాలి. "కఫం చిక్కగా ఉన్నందువల్ల ఊపిరి దారి శుభ్రపడటం లేదు, గురగుర వినిపిస్తోంది, దగ్గినా కఫం పడటం లేదు." ఇలా అన్నమాట.

రాయడం ఏముందిరా, రెండు నెలల్లో చెయ్యి తిరిగిపోతుంది. అసలు తంటా ఆ తర్వాత మొదలవుతుంది. రాసినవాటికి నంబర్లు వెయ్యాలి. ఏది ఒకటి, ఏది రెండు, ఏది రేపు చూసుకున్నా పర్లేదు.

దానికి మొదట్లో మాకు రెండు కొలబద్దలు చేతికిస్తారు. ఒకటి ఏబీసీ: ఊపిరి దారి, ఊపిరి, రక్తప్రసరణ, ఈ వరసలో చూసుకో అని. రెండోది మాస్లో 1943లో చెప్పిన అవసరాల మెట్లు: ముందు గాలి, నీరు, తిండి, నిద్ర, ఆ తర్వాత భద్రత, ఆ తర్వాత నా అన్నవాళ్ళు, గౌరవం, అలా పైకి. ఆ పిరమిడ్ బొమ్మని నోట్సులో రంగు పెన్నులతో వేసుకుని, ఇంకేముంది, వచ్చేసింది అనుకున్నాను. క్లాసులో టెస్ట్ పెడితే మార్కులు కూడా బాగానే వచ్చాయి, అదొక ధీమా.

ఇక వార్డులో ఏమైందో చెప్తా, నవ్వకు.

మెడికల్ వార్డు పోస్టింగ్‌లో నాకు ఒక పెద్దాయన్ని ఇచ్చారు, న్యుమోనియా కేసే. పొద్దున బాగానే మాట్లాడాడు. సాయంత్రానికి కుదురు లేదు. దుప్పటి లాగుతాడు, ఆక్సిజన్ మాస్కు పీకేస్తాడు, లేచి కూర్చుంటాడు, "నన్నింటికి పంపించెయ్ తల్లీ" అంటాడు. నేను వెంటనే కేర్ ప్లాన్‌లో ఒకటో నంబరు వేసి "ఆందోళన" అని రాసి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని మెల్లగా మాటలు చెప్పడం మొదలుపెట్టాను. మనసులో నా మీద నాకే ముచ్చటేసింది కూడా, ఎంత మంచి నర్సునో అని.

మేడమ్ వచ్చారు. ఏం మాట్లాడలేదు. ఆయన మణికట్టు పట్టుకుని నిలబడ్డారు, పల్స్ చూస్తున్నారనుకున్నా. పూర్తిగా ఒక నిమిషం. తర్వాత "ఎంత?" అనడిగారు. నేను పల్స్ చెప్పబోయాను. "పల్స్ కాదు, ఊపిరి." ఆవిడ చెయ్యి మణికట్టు మీదుందే గానీ చూపు అంతసేపూ ఛాతీ మీదే ఉంది. ఊపిరి లెక్కపెడుతున్నామని తెలిస్తే మనిషి తెలియకుండానే ఊపిరి మార్చేస్తాడు, అందుకని పల్స్ చూస్తున్నట్టు పట్టుకుని లెక్కపెట్టాలి. ఇది నాకు తెలుసు, పరీక్షలో రాశాను కూడా! చార్టులో మాత్రం నా చేత్తో నేను రాసింది 18. లెక్కపెట్టి రాసింది కాదు. పక్క బెడ్‌కి 18 రాశాను, ఈయనకీ 18 రాశాను. మేడమ్ లెక్కలో 32 వచ్చింది. పెద్దవాళ్ళకి మామూలుగా ఉండాల్సింది నిమిషానికి 12 నుంచి 20. వేలికి క్లిప్ పెడితే సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 86.

ఇక ఆ పది నిమిషాలు ఎలా గడిచాయో నాకు సరిగ్గా గుర్తు లేదు. మంచం తల వైపు ఎత్తారు, మాస్కు మళ్ళీ బిగించారు, డ్యూటీ డాక్టర్ వచ్చాడు, సక్షన్ పెట్టి కఫం తీశారు. అరగంటకి పెద్దాయన తనంతట తనే కుదురుకున్నాడు, ఇంటికెళ్తానన్న మాటే లేదు. అది ఆందోళన కాదురా. మెదడుకి ఆక్సిజన్ చాలక మనిషి అలా కొట్టుకున్నాడు. ఆక్సిజన్ తగ్గినప్పుడు పెదాలు నీలంగా మారడం ఆలస్యంగా కనబడే గుర్తు, ఇలా కుదురు లేకపోవడమే ముందొచ్చేది. మేడమ్ అరవలేదు. నా కాగితం మీద ఆ ఒకటో నంబరు చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి వెళ్ళిపోయారు. నాకు గుచ్చుకుంది మాత్రం ఆ సున్నా కాదు, చార్టులో నేను రాసిన 18. ఏబీసీ నోటికొచ్చు, పిరమిడ్ నోటికొచ్చు, కానీ చూడకుండా రాసిన అంకె మీద ఏ కొలబద్ద పెడితే మాత్రం ఏం లాభం? (బ్రిటన్‌లో 2012 నుంచి వాడుతున్న, పేషెంట్ పరిస్థితి దిగజారుతోందేమో పట్టిచ్చే న్యూస్ అనే స్కోరు పట్టికలో ఊపిరి 25కి చేరితే ఒక్కదానికే 3 మార్కులు, ఏ ఒక్కదానికి 3 వచ్చినా వెంటనే చూడాల్సిందే. ఇది ఆ రాత్రే వెతికి చదివాను, కడుపు మంట కొద్దీ.)

ఆ తర్వాత సర్జరీ వార్డులో ఉల్టా జరిగింది. పొట్ట ఆపరేషన్ అయి రెండో రోజు పేషెంట్. నేను దెబ్బతిని ఉన్నాను కదా, ఆలోచించకుండా ఊపిరిని ఒకటో నంబరులో పెట్టేశాను, నొప్పిని మూడుకి తోశాను. మేడమ్ అడిగారు, "ఆయన ఊపిరి ఎందుకు సరిగ్గా తీసుకోవట్లేదు?" కుట్ల దగ్గర నొప్పి, అందుకని. "దగ్గమంటే ఎందుకు దగ్గట్లేదు?" దానికీ నొప్పే. "మరి నొప్పి తగ్గించకుండా ఊపిరి గట్టిగా తీసుకోమని ఎన్నిసార్లు చెప్తావ్?" ఆయనకి సాచురేషన్ బాగానే ఉంది, ఊపిరితిత్తుల్లో ఇప్పటికిప్పుడు ఏ సమస్యా లేదు, రాకుండా చూసుకోవాలంతే. ఉన్న కష్టం నొప్పి, రాబోయే కష్టానికి కారణం కూడా నొప్పే. కాబట్టి ముందు అదే.

ఇక్కడితో అయిపోలేదు. మార్ఫిన్ ఇచ్చారు, నొప్పి తగ్గింది, ఆయన హాయిగా నిద్రపోయాడు. అప్పుడు మేడమ్ "ఇప్పుడు నీ ఒకటో నంబరు ఏంటి?" అన్నారు. మార్ఫిన్ ఊపిరిని మందగింపజేస్తుంది కదా, అందుకే అదే మనిషికి, అదే మంచం మీద, గంట తిరక్కుండా ఊపిరి మళ్ళీ ఒకటికి వచ్చేసింది. పిలిస్తే పలుకుతున్నాడా, నిమిషానికి ఎన్ని ఊపిరులు, అది చూసుకుంటూ ఉండాలి. పొద్దున వేసిన నంబర్లు మధ్యాహ్నానికి పనికిరావని నాకు అప్పుడు ఎక్కింది. అంతెందుకు, ఆ ఏబీసీ వరసకే దిక్కులేదు: గుండె ఆగిపోయినవాడి విషయంలో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2010లో దాన్ని సీఏబీ చేసింది, ముందు ఛాతీ నొక్కడం మొదలుపెట్టు, ఊపిరి సంగతి ఆ తర్వాత అని.

"ఉన్న కష్టం ముందు, రాబోయేది తర్వాత" అని ఇంకో సూత్రం చెప్తారు. చాలాసార్లు సరిపోతుంది. కానీ ఒక మనిషి "నాకు బతకాలని లేదు" అన్నాడనుకో, బీపీ, పల్స్, జ్వరం అన్నీ నార్మల్, చార్టు చూస్తే వార్డులో అందరికంటే ఆరోగ్యవంతుడు. ఇంకా ఏమీ జరగలేదు కాబట్టి ఇది "రాబోయేది" కిందే వస్తుంది. అయినా అతన్ని ఒంటరిగా వదిలి పక్క బెడ్‌కి డ్రెస్సింగ్ చెయ్యడానికి వెళ్ళకూడదు. నేర్చుకున్న ప్రతి సూత్రానికీ ఇలాంటి మనిషి ఒకడు ఎదురొస్తాడు, అదేంటో.

ఇంకో రకం కూడా ఉంది, పుస్తకాల్లో ఒక్క లైనులో తేల్చేస్తారు గానీ నాకు నచ్చిన భాగం ఇదే. ఒకావిడకి షుగర్ కొత్తగా బయటపడింది. ఇన్సులిన్ ఎలా వేసుకోవాలో నేర్పించడం నా లిస్టులో ఒకటి. మూడుసార్లు చెప్పాను, తలూపుతోందే గానీ ఒక్క ముక్క చెవికెక్కట్లేదు. చివరికి "ఏంటమ్మా నీ దిగులు" అనడిగితే, ఇంట్లో చిన్నపిల్లని ఎవరూ చూసుకునేవాళ్ళు లేరట. ఆవిడ లిస్టులో ఒకటో నంబరు అది! ఫోన్ చేయించి చెల్లెల్ని ఇంటికి పంపేదాకా నా సిరంజీ ఆవిడకి కనబడనేలేదు. ప్రాణం మీదకి వచ్చే విషయం కానప్పుడు నంబర్లు మనమొక్కళ్ళమే వెయ్యకూడదు, పేషెంట్‌ని కూడా అడగాలి.

ఇదంతా ఒక్క పేషెంట్ సంగతి. ఇప్పుడు నాకు ఆరుగురు. హ్యాండోవర్ (ముందు షిఫ్టు వాళ్ళు పేషెంట్లని మాకు అప్పజెప్పడం) అయ్యాక నాలుగు మడతలు పెట్టిన కాగితం జేబులో పెట్టుకుని ఒక్క చుట్టు చుట్టేస్తాను, ఎవరి దగ్గరా రెండు నిమిషాలు దాటకుండా. ఒంటి రంగు, ఊపిరి, మాట తేడా లేకుండా వస్తోందా, సెలైన్ ఎక్కుతోందా, డ్రెయిన్‌లో ఏముంది. గట్టిగా పిలిచేవాళ్ళకి కనీసం పిలిచే ఓపిక ఉంది, అందుకని చప్పుడు చెయ్యనివాళ్ళని ముందు చూస్తాను. దీంతో నాకు "పిలిస్తే పలకదు" అన్న పేరు కూడా వచ్చిందిలే.

సరే, నువ్వు చాలా తెలివైనవాడివని అనుకుంటావు కదా, ఇదిగో మొన్న మా మేడమ్ ఇచ్చిన లెక్క. పొద్దున ఎనిమిది, వార్డులో నువ్వొక్కడివే, నలుగురు పేషెంట్లు. మొదటివాడు డిశ్చార్జ్ కాగితాల కోసం అరగంట నుంచి అరుస్తున్నాడు. రెండోవాడికి నిన్న కాలు విరిగితే కట్టు వేశారు, ఇంజెక్షన్ ఇచ్చినా నొప్పి పెరుగుతోంది, కాలివేళ్ళు తిమ్మిరెక్కాయంటున్నాడు. మూడోవాడు షుగర్ పేషెంట్, ఇన్సులిన్ వేసి ముప్పావు గంటైంది, ఇంకా ఏమీ తినలేదు, చెమటలు పట్టి ఏదో సంబంధం లేకుండా మాట్లాడుతున్నాడు. నాలుగోవాడు కొద్దిగా జ్వరంతో నిద్రపోతున్నాడు, ఎనిమిదింటికి యాంటీబయాటిక్ ఇవ్వాలి.

ఎవరు ఒకటి, ఎవరు రెండు, ఎందుకో కారణంతో సహా రాసి పంపు. ఒక్క క్లూ ఇస్తా, మా క్లాసులో సగం మంది పోట్లాడుకున్నది ఇద్దరి గురించే. నెట్‌లో వెతికితే నాకు తెలిసిపోతుంది, నీ రాత నాకు తెలీదా.

బట్టలు నానిపోయుంటాయి, ఉంటా మరి.

నీ
నిద్ర చాలని నర్సమ్మ