బానెట్ మొత్తం కొట్టించకు తమ్మీ

తమ్మీ,

ఇక్కడ అందరం బాగున్నాం. పిల్లల స్కూలు, మీ బావ ఆఫీసు మామూలే. చలి మొదలైంది, ఇంకొన్ని రోజులైతే మంచు పడుతుంది. ఇంటి సంగతులు ఫోన్లో మాట్లాడుకుంటూనే ఉన్నాం కాబట్టి ఈ ఉత్తరం పూర్తిగా కారు గురించే. ఫోన్లో చెబితే సగం మర్చిపోతావు, రాసి ఉంటే పక్కన పెట్టుకుని చేసుకోవచ్చు.

బానెట్ మీద కంకర తగిలి రంగు లేచిన చుక్కలవి నువ్వు పంపిన ఫొటోలు పెద్దవి చేసి చూశాను. పెయింటర్ బానెట్ మొత్తానికి కొత్త రంగు కొట్టాలన్నాడట, నాయన కూడా సరే అన్నాడట. వద్దురా, ఆపు. ఆ బానెట్ మీద ఉన్నది కంపెనీ రంగు. ఫ్యాక్టరీలో బాడీని మొత్తం ట్యాంకులో ముంచి కరెంటు పెట్టి మొదటి పూత ఎక్కిస్తారు, దాని మీద ప్రైమర్, అంటే రంగు పట్టుకోవడానికి వేసే పూత, దాని మీద రంగు, పైన అద్దంలాంటి రంగులేని క్లియర్ కోట్, ఇవన్నీ 140 డిగ్రీలు, కొన్ని అంతకంటే ఎక్కువ వేడిలో కాలుస్తారు. బయట షెడ్డులో ఎంత మంచి పనివాడైనా ఆ వేడి పెట్టలేడు, పెడితే కారులోని ప్లాస్టిక్కులు, వైర్లు పాడవుతాయి. పైగా మనది మెటాలిక్ గ్రే, బానెట్ ఒక్కటే కొత్తగా కొడితే ఎండలో చూసినప్పుడు పక్కన చక్రాల మీదుండే ఫెండర్లకీ దానికీ తేడా కొడుతుంది. రేపు అమ్మబోతే కొనేవాడు మొదట అడిగేది కూడా అదే, యాక్సిడెంట్ బండా అని. కంకర ఎగిరి పడ్డ చుక్కలకు అంత పని అక్కర్లేదు, ఒక చిన్న టచప్ సీసాతో ఇంట్లోనే అయిపోతుంది.

మా ఊరు డెట్రాయిట్ పక్కనే కదా, ఈ ఊరి కింద వెయ్యి అడుగులకు పైగా లోతులో ఉప్పు గని ఉంది, చలికాలమంతా ఇక్కడి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు నీళ్లు రంగు లేచిన చోట తగిలితే చాలు, చూస్తుండగానే జంగు పడుతుంది. అందుకే ఇక్కడ చాలామంది మంచు పడకముందే ఇంటి ముందు కూర్చుని చుక్కలు పూడ్చుకుంటారు, నేనూ మా కారుకు చేస్తాను. మన దగ్గర రోడ్డు మీద ఉప్పు లేదు కాబట్టి జంగు నిదానంగా వస్తుంది, కానీ నువ్వు రోజూ నార్కట్‌పల్లి నుంచి చిట్యాల, చౌటుప్పల్ మీదుగా హైదరాబాద్ పోయి వస్తున్నావు, ఆ హైవే మీద టిప్పర్ల వెనక పోతే కొత్త చుక్కలు పడుతూనే ఉంటాయి. వానాకాలం మొత్తం తడిసింది కూడా. ఇప్పుడే చేయాలి.

మొదట చుక్కలను దగ్గర నుంచి చూడు. లోపల బూడిద రంగో తెలుపో కనిపిస్తే అది ప్రైమర్, ఇనుము దాకా పోలేదు, టెన్షన్ లేదు. మెరుస్తూ ఉంటే రేకు బయటపడింది. గోధుమ రంగు ఉంటే జంగు మొదలైనట్టే. నీ రెండో ఫొటోలో, బానెట్ ముందంచున లోగోకి ఎడమ పక్క ఉంది చూడు, రెండు మిల్లీమీటర్లు కూడా ఉండదు, కానీ దాని చుట్టూ సన్నగా గోధుమ గీత కనిపిస్తోంది. అన్నిటికంటే ముందు దాని పని పట్టు. బంపర్ మీద ఉన్నవి చివరికి చేసినా పర్వాలేదు, అది ప్లాస్టిక్, జంగు పట్టదు. ఎక్కడైనా రంగు బుడగలా ఉబ్బి ఉంటే మాత్రం జంగు కింద నుంచి పాకుతున్నట్టు, దానికి టచప్ పనికిరాదు, అప్పుడు పెయింటర్ దగ్గరికే పోవాలి. నీ ఫొటోల్లో అలాంటిది నాకు కనబడలేదు.

రంగు కొనేటప్పుడు "గ్రే" అంటే సరిపోదు, ఆర్‌సీలో రాసినదీ పనికిరాదు, ఒక్కో కంపెనీకి గ్రేలే ఎన్నో ఉంటాయి. పెయింట్ కోడ్ కావాలి. డ్రైవర్ డోర్ తీస్తే పిల్లర్ మీద స్టిక్కర్ ఉంటుంది, అక్కడ లేకపోతే బానెట్ కింద ప్లేటు మీద చూడు. ఆ కోడ్ చెబితే షోరూం స్పేర్ పార్ట్స్ వాళ్లు తెప్పిస్తారు, హైదరాబాద్‌లో కోడ్ చూసి రంగు కలిపిచ్చే షాపులు కూడా ఉన్నాయి. రంగుతో పాటు క్లియర్ కోట్ సీసా, కొంచెం ప్రైమర్ తీసుకో.

అసలు పనంతా శుభ్రం చేయడంలోనే ఉంది, రంగు పెట్టడం చివరి పని. దసరాకు పెట్టిన పసుపు కుంకుమ, పూజ నూనె, పాలిష్ ఏదీ ఉండొద్దు. షాంపూతో కడుగు, కానీ ఆఖరి నీళ్లు బోరువి పోయకు, మన నల్గొండ బోరు నీళ్లు ఆరితే తెల్లటి పొర మిగులుతుంది, ఆ పొర మీద రంగు నిలవదు. కృష్ణా నీళ్లు ఒక బకెట్ పట్టి పెట్టుకో. ఆరాక మెడికల్ షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ దూదికి అద్ది ఒక్కో చుక్కను తుడువు. థిన్నర్ వాడొద్దు. జంగు ఉన్న దాన్ని సూదిమొనతో మెల్లగా గీకు, అగ్గిపుల్ల చివర సాండ్ పేపర్ ముక్క అంటించి లోపల తిప్పు, చుట్టూ ఉన్న మంచి రంగుకు తగలనియ్యకు. రేకు మెరిసేదాకా గీకాలి, జంగు మీద రంగు పూస్తే అది కింద పెరుగుతూనే ఉంటుంది. గుంటల్లో ఇంకా మిగిలితే రస్ట్ కన్వర్టర్, అంటే జంగును ఆపే మందు, ఒక చుక్క పెట్టు, నల్లగా మారుతుంది, సీసా మీద రాసినంత సేపు ఆరనివ్వు.

రేకు కనిపించిన చోట మాత్రమే ప్రైమర్, అదీ పలుచగా. అది ఆరాక రంగు. సీసాను రెండు నిమిషాలైనా బాగా ఊపు, మెటాలిక్‌లో మెరుపు పొడి అడుగున కూర్చుంటుంది, ఊపకుండా పెడితే ఒట్టి బూడిద రంగే వస్తుంది. మూతకున్న బ్రష్ వాడొద్దు, అది చాలా మందం. టూత్‌పిక్ చివరతో తీసుకుని అమ్మ ముగ్గుకు చుక్క పెట్టినట్టు గుంట నడిమధ్య పెట్టి వదిలెయ్, అదే అంచుల దాకా పాకుతుంది. గీతలా లాగకు, అంచు దాటనివ్వకు. ఆరితే రంగు కిందికి దిగుతుంది, కాబట్టి ఒకేసారి నింపకుండా గంటేసి ఆగి మూడు నాలుగు పలుచటి పూతలు వెయ్. పైన క్లియర్ కోట్ పెట్టు, అది చుట్టూ ఉన్న రంగు కంటే ఒక వెంట్రుక ఎత్తు ఉంటే చాలు.

నీడలో చేయి, పొద్దున మంచు తేమ ఆరిపోయాక, తొమ్మిది పది గంటలప్పుడు. గాలిలో తేమ ఉంటే రంగు పాలిపోతుంది, ఎండాకాలం మన దగ్గర రేకు ముట్టుకోలేనంత కాలుతుంది కాబట్టి పాకేలోపే గట్టిపడుతుంది. ఇప్పుడు, కార్తీకం చివర నుంచి సంక్రాంతి దాకా, మంచి కాలం.

వారం తర్వాత 2000 నంబరు వాటర్ పేపర్‌తో, అంటే తడిపి రుద్దే సన్నటి సాండ్ పేపర్‌తో, సమం చేసి రబ్బింగ్ కాంపౌండ్ కొట్టమని వీడియోల్లో చూపిస్తారు. నా మాట వింటే అది వదిలెయ్. క్లియర్ కోట్ మందం 40, 50 మైక్రాన్లే, అంటే మన వెంట్రుక కంటే కూడా తక్కువ, రెండు రుద్దులు ఎక్కువైతే మంచి చోట కూడా రంగు బయటపడుతుంది. దగ్గరకు వచ్చి చూస్తే చుక్కలు తెలుస్తాయి, బ్రష్‌తోనో టూత్‌పిక్‌తోనో పెట్టిన మెటాలిక్ కాస్త ముదురుగానే కనిపిస్తుంది, కనిపించనీ. రేకుకు నీళ్లు తగలకపోతే మన పని అయినట్టే. నాయనకు ఇది ముందే చెప్పు, తర్వాత చూసి మనసు కష్టపెట్టుకుంటాడు, ఆ కారంటే ఆయనకు ఎంత ప్రాణమో నీకు తెలుసు.

ఇంకొకటి కూడా చెప్పు, నువ్వే చెప్పాలి, నేను చెబితే నవ్వేస్తాడు: పొద్దున్నే పొడి తువ్వాలతో దుమ్ము తుడవొద్దని. ఆ దుమ్ములో ఇసుక ఉంటుంది, గీతలన్నీ అక్కడ నుంచే వస్తున్నాయి. ముందు నీళ్లు చల్లి తర్వాత మెత్తటి గుడ్డతో తుడవమను. టచప్ పెట్టాక వారం దాకా సర్వీసింగ్ సెంటర్లో ప్రెషర్ వాటర్ కొట్టించకు, నెల దాకా వ్యాక్స్ వద్దు.

రంగు నేనే ఇక్కడ కొని పంపిద్దామనుకున్నా కానీ మండే సరుకు, విమానంలో తేనివ్వరు. డిసెంబర్లో మా పక్క వీధి వాళ్లు నకిరేకల్ వస్తున్నారు, సన్నటి బ్రష్‌లు, మంచి మైక్రోఫైబర్ గుడ్డలు వాళ్లతో పంపిస్తా. వాళ్లు తిరిగి వచ్చేటప్పుడు అమ్మను చింతకాయ తొక్కు ఒక డబ్బా కట్టివ్వమను, నూనె కారకుండా రెండు కవర్లు వేసి. డోర్ స్టిక్కర్ ఫొటో ఈరోజే పెట్టు, కోడ్ ఏదో నేను చూసి చెబుతా. అప్పటిదాకా ఆ పెయింటర్‌కు అడ్వాన్స్ ఇయ్యకు.

అక్క