కంప్యూటర్ కేబినెట్ మూత విప్పనివాళ్లకే కొలువులా?

సంపాదకుడికి,

అయ్యా,

పది రోజుల కిందట మీ జిల్లా పేజీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో కంప్యూటర్ టెక్నీషియన్ల నియామకం గురించి వార్త వేశారు. గుర్తింపు పొందిన సర్టిఫికెట్ ఉంటేనే దరఖాస్తు తీసుకుంటారట, ఎన్నేళ్ల అనుభవం ఉన్నా దానికి మార్కులు లేవట. దానికి మీ విలేకరి ‘ప్రతిభకు పట్టం’ అని హెడ్డింగ్ కూడా తగిలించారు. కోపం చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఇన్నాళ్లూ ఆగాను. చల్లారలేదు.

ఆ కార్యాలయంలో ఇప్పటిదాకా సిస్టమ్‌లు చూస్తున్నతను ఇంటర్‌తో చదువు ఆపేశాడు. పెంటియం ఫోర్ రోజుల్లో అసెంబ్లింగ్ షాపులో చేరి, మదర్‌బోర్డు మీద ఉబ్బిన కెపాసిటర్లు ఊడదీసి కొత్తవి అతికిస్తూ పని నేర్చాడు. సిస్టమ్ ఆన్ చేయగానే వచ్చే బీప్ విని ర్యామ్ దగ్గర తేడా ఉందో, ఇంకెక్కడ ఉందో చెబుతాడు. ర్యామ్ అయితే బయటికి తీసి, పెన్సిల్ రబ్బరుతో ఆ పసుపు పళ్లు రుద్ది మళ్లీ బిగిస్తాడు. సగం సందర్భాల్లో అంతటితో సరి. కొత్తది కొనాలని కొటేషన్ పెట్టడు. కొందరికి అతని మీద కంటు దానివల్లేనేమో!

నేను సర్వీసులో ఉండగా జరిగిన సంగతి చెబుతాను. మా సెక్షన్‌లో ఒక సిస్టమ్ మీద ఏ ప్రభుత్వ వెబ్‌సైటూ తెరుచుకోవడం మానేసింది. ఏది కొట్టినా ఎర్ర హెచ్చరికే. ఏఎంసీ, అంటే ఏడాది పొడవునా సిస్టమ్‌లు చూసే కాంట్రాక్టు, తీసుకున్న కంపెనీ ఒక అబ్బాయిని పంపింది. మెడలో ట్యాగు, చేతిలో ల్యాప్‌టాప్, పేరు వెనక రెండు మూడు సర్టిఫికెట్లు. చూడగానే వైరస్ అన్నాడు. సి డ్రైవ్ ఫార్మాట్ చేసి విండోస్ మళ్లీ ఎక్కించాడు. డెస్క్‌టాప్ మీది ఫైళ్లతో పాటు మేం తెలుగు టైపు చేసే అను ఫాంట్లూ తుడిచిపెట్టుకుపోయాయి. పెన్‌డ్రైవ్‌లో మిగిలిన పాత ఉత్తరాలు తెరిస్తే తెలుగుకు బదులు పిచ్చిగీతలు. ఇంత చేశాక మర్నాడు పొద్దున ఆన్ చేస్తే మళ్లీ అదే ఎర్ర హెచ్చరిక.

అప్పుడు ఈ ఇంటర్ ఆయన్ని బతిమాలి పిలిపించాం. వచ్చి కూర్చోకుండానే స్క్రీన్ కింది మూలన గడియారం చూశాడు. సంవత్సరం 2009 అని ఉంది! మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఒకటి ఉంటుంది, సీఆర్ 2032 అంటారు. అది అయిపోతే రాత్రి కరెంటు కట్టేయగానే తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పయితే వెబ్‌సైటు భద్రతను బ్రౌజర్ నమ్మదు. వాచీల కొట్లో దొరికే ఆ బ్యాటరీ మార్చడానికి పట్టింది ఐదు నిమిషాలు. పోయిన ఫైళ్లు మాత్రం పోయినట్టే. ఏఎంసీ బిల్లు యథావిధిగా పాసైంది, అది వేరే చెప్పాలా?

సర్టిఫికెట్లన్నీ దండగని నేను అనడం లేదు. కంప్యూటర్ టెక్నీషియన్లకు కాంప్‌టియా అనే అమెరికా సంస్థ పెట్టే ఏ ప్లస్ పరీక్షే తీసుకోండి. 1993 నుంచి ఉంది. రెండు పేపర్లు, ఒక్కోటి గంటన్నర. ఆ పరీక్ష పెట్టేవాళ్లే దానికి కూర్చునే ముందు ఏడాదిపాటు చేత్తో పని చేసిన అనుభవం ఉంటే మంచిదని చెబుతారు. పాసైనా అది మూడేళ్లే చెల్లుతుంది, తర్వాత రెన్యువల్ చేయించుకోవాలి. మైక్రోసాఫ్ట్ ఎంసీఎస్‌ఈ కోసం అమీర్‌పేట హాస్టళ్లలో అప్పులు చేసి చదివినవాళ్లు మన జిల్లాల్లో ఎంతమంది లేరు? ఆ సర్టిఫికెట్‌ను 2021 జనవరితో ఆ కంపెనీయే ఎత్తేసింది. ఇచ్చినవాళ్లే వద్దనుకున్న కాగితాలు కొన్ని, అనుభవం ఉంటే మంచిదంటున్నవి కొన్ని. మన అధికారులకు మాత్రం కాగితమే చాలు. పైగా పరీక్ష ప్రశ్నలు జవాబులతో సహా డంప్స్ పేరుతో చేతులు మారతాయని మైత్రీవనం దగ్గర టీ అమ్మేవాడికీ తెలుసు.

మా రోజుల్లో టైపు లోయరు, హయ్యరు పరీక్షలుండేవి. ఇంగ్లిష్ హయ్యరంటే నిమిషానికి 45 మాటలు. మిషన్ ముందు కూర్చోబెట్టి, గంట కొట్టి, కొట్టమనేవారు. నాలుగు జవాబుల్లో ఒకదానికి టిక్కు పెట్టమని ఎవరూ అడగలేదు. ఆ కాగితానికి విలువ ఉండేదంటే అందుకు. ఇప్పుడూ అలాగే ఒక చెడిపోయిన సిస్టమ్ బల్లమీద పెట్టి, గంట టైమిచ్చి, బాగుచేయమంటే ఏం పోతుంది? సర్టిఫికెట్ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ అందరినీ కూర్చోబెట్టండి.

ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టుంది వీళ్ల వ్యవహారం. కేంద్రం 2015లో తెచ్చిన కౌశల్ వికాస్ యోజనలో ఆర్‌పీఎల్ అని ఒకటుంది. పని ముందే నేర్చినవాడిని పరీక్షించి గుర్తించి, అతనికీ సర్టిఫికెట్ ఇవ్వడం. కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసే ఫీల్డ్ టెక్నీషియన్ పనికీ ప్రమాణాలు రాసి పెట్టారు. అనుభవానికి విలువ కట్టే పథకం ప్రభుత్వమే నడుపుతుంటే, అనుభవం లెక్కలోకి రాదని ఒక ప్రభుత్వ కార్యాలయమే ప్రకటిస్తుంది! పనిలో ఉన్నవాళ్లను ఆ పరీక్షకు పంపి, ఆరు నెలలు గడువిస్తే సరిపోయేది. ఆ మాట ఎవరికీ తట్టలేదా, తట్టినా అక్కర్లేదా?

ఆడపిల్లల విషయంలో సర్టిఫికెట్‌కు ఒక మేలుంది, అది కాదనను. రిపేరు షాపుల్లో అమ్మాయిల్ని పనికి పెట్టుకోరు, కాబట్టి వాళ్లకు ఐటీఐలో కోపా అనే కంప్యూటర్ ఆపరేటర్ కోర్సో మరోటో తప్ప ఇంకో గుమ్మం లేదు. వాళ్లకు పోస్టులు ఉంచండి, సంతోషం. దానికోసం ఇప్పటికే పనిలో ఉన్నవాడి పొట్ట కొట్టాలా?

అసలు బాధ ఇంకోటి. ఏఎంసీ టెండర్‌కు జతచేసే సర్టిఫికెట్ ఒకరిది, స్క్రూడ్రైవర్ పట్టుకుని వచ్చేది ఇంకొకరు. ఎవరూ సరిచూడరు. తక్కువ రేటు కోట్ చేసినవాడికే పని, వాడు ఇంకా తక్కువ జీతానికి పిల్లల్ని పెడతాడు, వాళ్లు మూడు నెలలకే మానేస్తారు. యూపీఎస్ బ్యాటరీలు చచ్చి ఏళ్లయినా మార్చే దిక్కులేదు, జనం క్యూలో నిలబడి ‘సర్వర్ డౌన్’ బోర్డు చదువుకుంటారు. వార్త వచ్చాక మా ఊళ్లో రెండు ఫ్లెక్సీలు వెలిశాయి. పదిహేను రోజుల్లో గవర్నమెంటు గుర్తింపు సర్టిఫికెట్ గ్యారంటీ అట. ఎవరి లాభం కోసం ఈ నిబంధన అని ఇంకా అడగాలా?

దరఖాస్తుల గడువు ఇంకా ముగియలేదు. నోటిఫికేషన్ సవరించి అనుభవానికి మార్కులు పెట్టాలని, ప్రాక్టికల్ పరీక్ష తప్పనిసరి చేయాలని కోరుతున్నాను. ఇంటర్వ్యూ బోర్డులో కూర్చునేవారిలో జీవితంలో ఒక్కసారైనా కేబినెట్ మూత విప్పినవారు ఎందరున్నారో మీ విలేకరి కనుక్కుని రాస్తే, అది కూడా జిల్లా పేజీలోనే వేయండి.

– ఒక విశ్రాంత సూపరింటెండెంట్, తెనాలి